ఏడు సెకన్లు

డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు,
ఎప్పుడూ పనిచెయ్యని లిఫ్టు పక్కన మెట్లు.
"నాలుగు హార్డ్ డిస్కులు కావాలి" అన్నాను.
ఎన్ని టీబీలని అడగలేదు నూకరాజు.
"అందులో ఏటి పెడతారు?" అన్నాడు.

ఏం పెడతాను?
పదిహేనేళ్లుగా పోగేసిన గొంతులు.
జాలరిపేట ఇసుకలో వలలు కుట్టుకుంటూ
గాలులకి పేర్లు చెప్పిన మనుషులు.
ఏ కొండకొమ్ము ఏ గుడిగోపురం వెనక్కి జరిగితే
పడవ కింద ఏ బండ ఉంటుందో చెప్పినవాళ్లు.
వాళ్లలో సగంమంది ఇప్పుడు
నా పెట్టెలో తప్ప ఎక్కడా మాట్లాడరు.

అతను రెండు డిస్కులు గాజుబల్ల మీద పెట్టాడు.
చూడ్డానికి కవలలు. ధరలో రెండువేల చిల్లర తేడా.
"చవకది పెంకుటిల్లండి.
గీత మీదికి గీత, పెంకు మీదికి పెంకు.
నింపినంతసేపూ బాగానే ఉంటాది.
నడిమజ్జన ఒక్క పెంకు మార్చాలంటే
పై వరసలన్నీ ఎత్తాలి.
నలుగురిలో ఒకడు పోయి
కొత్తోడికి మొత్తం మళ్లీ రాయించే రోజున
ఇది చతికిలబడిపోద్ది.
రెండోది, ఏ గీతకా గీత."

పెంకుల సంగతి నాకు చెప్పాలా.
హుద్‌హుద్ పొద్దున మా వంటింటి పెంకులు
పావురాల్లా లేచిపోయాయి.
పాత డిస్కు దాచిన బిస్కెట్ డబ్బా
గుమ్మందాకా తేలుకుంటూ వచ్చింది.
దాంట్లో ఎవరెవరున్నారో రాసుకున్న నోటుబుక్కు కూడా
ఆ డబ్బాలోనే ఉంది.

"ఇంకోటండి. మామూలు డిస్కు మొండిది.
చదవలేని చోటొస్తే ఒప్పుకోదు,
నిమిషం, రెండు నిమిషాలు గింజుకుంటాది.
పెట్టేమో వీడు చచ్చాడనుకుని
వరసలోంచి తీసేస్తాది.
ఇదైతే ఏడు సెకన్లు చూసి
'నాకు తెల్దు, పక్కోణ్ణడుగు' అంటాది.
రాత్రీపగలూ తిరిగీదానికి ఆ బుద్ధుండాలి."

ఆ మాట నేను ఇదివరకే విన్నాను.
గరికిన ఎల్లాజీ, రెండువందల పన్నెండో ఫైలు.
మాఘమాసం తెల్లారుజామున వీచే
ఒక సన్నగాలి పేరడిగితే
చుట్ట నోట్లోంచి తీసి, సముద్రంకేసి చూసి,
"నాకు తెల్దు గాని, పోలమ్మనడుగు" అన్నాడు.
ఎనభయ్యేళ్ల మనిషి. సిగ్గుపడలేదు.

డబ్బులు లెక్కపెడుతుంటే నూకరాజే ఆపాడు.
"నాలుగూ నాకాడ కొనకండి.
రెండిక్కడ, రెండు గాజువాకలో.
ఒక్క కాన్పులో పుట్టినవి
ఒక్కపాలే పోతాయి."
పేటలో కూడా అంతే,
అన్నదమ్ములందర్నీ ఒకే పడవ ఎక్కనివ్వరు.
"నాలుగున్నాయి కదాని నిద్రపోకండి.
ఐదోది వేరే ఊళ్లో ఉండాలి."
అనకాపల్లిలో రమణకుమారి బీరువా గుర్తొచ్చింది.
బెల్లం వాసనేస్తుంది, ఉప్పుగాలి తగలదు.

పెట్టెని కిటికీకి దూరంగా పెట్టాను.
ఈ ఊరి గాలి ఊచల్నే తినేస్తుంది.
నాలుగూ ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి.
ఫైళ్లు ఎక్కుతుంటే
ఎల్లాజీ ఆలోచించినంతసేపూ కొలిచాను.
పదకొండు సెకన్లు. మధ్యలో ఒక కాకి.

తరవాతి ఫైల్లో పోలమ్మ ఉంది.
ఆ గాలి పేరు చెప్పింది కూడా.
సరిగ్గా ఆ పేరు మీదే
ఎవరో పడవ ఇంజను స్టార్ట్ చేశారు.

ఎన్నిసార్లు విన్నా ఇంజనే.
ఏ గీతలోనూ లేదు, ఏ పక్కోడికీ తెలీదు.
ఆదివారం పొద్దున్నే పేటకెళ్లాలి.
పోలమ్మ ఇంకా చేపలు ఎండబెడుతోందట.