తొడిమ తీసిన వెర్షన్

నూట నలభై ఆరు ఎంబీలు.
అరండల్‌పేట నాలుగో లైన్లో, జిరాక్సు షాపు పైన
ఖాజావలీ నేనూ రెండేళ్లు కూర్చుని కట్టిన యాప్ బరువది.
ఒక్కసారి రాస్తే చాలు,
ఐఫోన్లోనూ పలికేది, ఆండ్రాయిడ్‌లోనూ పలికేది.
కోల్డ్ స్టోరేజి ఆఫీసు గదిలో, షావుకారి పెద్ద ఫోన్లో
తేజ రకం ధర గీతలై ఎగిసేది.
లోడవుతున్నంతసేపూ తెర మధ్యన
ఒక పచ్చిమిరపకాయ మెల్లగా పండేది.
ఆ పండటానికే నాకు పదకొండు రాత్రులు పట్టింది.

దీవెనమ్మ ఫోన్లో అది పండలేదు.
సగం పచ్చగా, సగం ఎర్రగా ఆగి
ఫోనే ఆరిపోయింది.

ఏటుకూరు రోడ్డు, రేకుల షెడ్డు.
నలభై మంది ఆడవాళ్లు, మూతికి చుట్టిన కొంగులు,
ఒళ్లో కాయలు, పక్కన గంపలు.
కిలోకింత అని తొడిమలు తీసే పని.
ఆమె ఫోన్ అద్దం పగిలింది, వెనకమూతకి రబ్బరు బ్యాండు.
లోపల మనవడి ఫొటోలు, ప్రార్థన పాటలు,
మిగిలిన జాగా అరచెయ్యంత కూడా లేదు.
"ఏది తీసెయ్యమంటావు, పాటలా, పిల్లాణ్నా?"
వెటకారం కాదు, నిజంగానే అడిగింది.
నేను తుమ్మాను.
జవాబు రావాల్సిన చోట అదే వచ్చింది.

ఖాజావలితో అన్నాను:
పెద్దది పెద్దదిగానే ఉండనీ.
దాని పక్కన నడిచే చిన్నదొకటి చేద్దాం, తోడుకి.
గంప తూకం పడగానే రాసుకుంటుంది,
సిగ్నల్ దొరికినప్పుడు పెద్దదాని చెవిలో వేస్తుంది.
అంతే.

ఇక తీయడం మొదలు.
ధరల గీతలు తీశాం.
వాతావరణం తీశాం, ఎవరడిగారని పెట్టామో గుర్తులేదు.
మూడు ఫాంట్లలో రెండు పోయాయి.
తేదీని అందంగా చూపిస్తుందని తెచ్చుకున్న లైబ్రరీ ఒకటి,
దాని వెనకే ఇంకో పద్నాలుగు
పెళ్లికి ఒకర్ని పిలిస్తే వాడకట్టంతా దిగినట్టు.
అన్నిటినీ సాగనంపాం.
పండే మిరపకాయని ఖాజావలి తీశాడు,
నేను టీకి దిగినప్పుడు చూసి.
పైకొచ్చాక ఏమీ అనలేదు.
టీ బాగాలేదని మాత్రం అన్నాను.

తొమ్మిది ఎంబీలు!
ఆ రాత్రి బిల్డ్ పూర్తయితే
ల్యాప్‌టాప్ ఫ్యాను రొప్పకుండా ఆగింది.

దీవెనమ్మ ఫోన్లో మూడు సెకన్లలో తెరుచుకుంది.
ఇవాళ్టి తూకం: పద్దెనిమిది కిలోల నాలుగొందలు.
ఆమె తెరని పైకి తోసింది, కిందికి లాగింది,
గంప అడుగు వెతికినట్టు.
"నిన్నటిదేది?"
తీసేశాం, బరువని.
"మొన్నటిది?"
అదీ.
"శనివారం మేస్త్రి ఎనభై కిలోలంటాడు, నేను తొంభై నాలుగంటాను.
ఇవాళ్టిది నాకు తెలుసు కదమ్మా,
చేతులు మండుతున్నాయిగా.
మరిచిపోయేది నిన్నటిదే."

ఒళ్లోంచి ఒక కాయ ఏరి చూపించింది.
తొడిమతో పాటు నెత్తి కూడా ఊడొచ్చింది.
గింజలు జారుతున్నాయి.
"కొత్తపిల్ల గిల్లింది. ఇట్టా తీస్తే తాలులో పోస్తారు."

ఆరు వారాల లెక్క తిరిగి పెట్టాం.
ఉత్త అంకెలు, రంగులేవీ లేవు.
ముప్ఫై కేబీలు కూడా పెరగలేదు.
నా మిరపకాయ ఒక్కటే నాలుగు ఎంబీలుండేది.

శనివారం షెడ్డులో ఏం జరిగిందో నేను చూడలేదు.
సోమవారానికి చిన్నదాన్ని ఇంకో ఇరవై ఆరుగురు దించుకున్నారు,
ఒకరు రెండుసార్లు.
మేస్త్రి ఫోన్ చేసి
పెద్దదే బాగుంది కదండీ అన్నాడు.

షెడ్డు నుంచి ఏ బట్టల్లో వచ్చిందో
నా కీబోర్డు సందులో ఒక గింజ ఇరుక్కుంది.
ఎంటర్ నొక్కినప్పుడల్లా కరక్కుమంటుంది.
ఖాజావలి పిన్నీసు ఇచ్చాడు.
తీయలేదు.