జీతం బాకీ

రిటైరు కావడానికి ఎనిమిది రోజులుంది.
పాత రికార్డులు తగలబెట్టడానికి సంతకం పెట్టమని
జాబితా తెచ్చాడు గుమాస్తా ప్రసన్నబాబు.
పదకొండో వరుసలో:
జీతాల రిజిస్టర్లు, బోర్డు హైస్కూలు, మార్కాపురం,
ఏడు సంపుటాలు, చెదలు.

జీతాలంటే పంతుళ్ళవి కావు.
ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ
అప్పట్లో చదివేవాడే జీతం కట్టాలి.
మా ఇంట్లో ఆ మాటకు రెండు దారులు.
పలకల గని నుంచి శనివారం నాన్నతో వచ్చేది జీతం.
పదో తారీకున అన్న చేత బడికి పోయేది జీతం.
రెండూ ఒక్కసారి ఇంట్లో ఉన్న రోజు
అమ్మకి కూడా గుర్తు లేదు.

గడువు దాటితే రోజుకో అణా జుల్మానా.
ప్యూను దస్తగిరి గుమ్మంలో నిలబడి
బాకీ ఉన్నవాళ్ళ పేర్లు చదివేవాడట,
గొంతు తగ్గించి, ఇంటిపేరు మింగేసి.
అంతకన్నా ఆయన చేతిలో ఏముంది.
పేరు వినబడ్డవాడు పుస్తకాలు సర్దుకుని
బయటి అరుగు మీదకి.
అరుగు మీదకి కూడా పాఠం వినబడుతుందని
అన్న రెండు నెలలు అక్కడే కూర్చున్నాడు.
లెక్కల మేష్టరు కావాలనే గట్టిగా చెప్పేవాడని
ఎప్పుడో ఒకసారి అన్నాడు, నవ్వకుండా.

మూడో సంపుటం. అంచు చెద తినేసింది.
పల్లపు యల్లమంద, ఫస్టు ఫారం, బి సెక్షను.
జూన్, చెల్లు. జూలై, చెల్లు. ఆగస్టు, సగం.
అక్కణ్ణించి ఎర్రసిరా:
"జీతం చెల్లించనందున పేరు కొట్టివేయడమైనది.
బాకీ రూ. 3-12-0."
ఆ గీత స్కేలు పెట్టి గీశారు.
ఎంత శుభ్రంగా ఉందో.

మర్నాటి నుంచి అన్న గనిలో.
ఉలి మోపి, చెవి ఆనించి,
రాయి ఎక్కడ ఒప్పుకుంటుందో విని పొర లేపడం.
ఏ ఊళ్ళోనో ఏ పిల్లో
'అ' దిద్దుకునే పలకకి అంచులు నున్నగా చేయడం.
ఆ దుమ్ము తెల్లగా కాదు, నల్లగా కాదు,
ఇంట్లో మా అందరి జుట్టు రంగు అదే.

పదేళ్ళకి కాబోలు, ఉత్తర్వొచ్చింది
హైస్కూల్లోనూ జీతాల్లేవని.
అప్పటికి మాదింకా కర్నూలు జిల్లా.
ఎవరూ బాజాలు వాయించలేదు.
పదో తారీకున దస్తగిరి అలవాటుగా గుమ్మంలోకొచ్చి,
చేతిలో కాగితం లేక
కాసేపు నిలబడి,
ఉత్తినే గంట కొట్టి పోయాడు.
ఆ గదిలో రెండో బెంచీ మీద నేనున్నాను.

స్కాలర్‌షిప్పు వేరే కథ.
మాకు రాబడి లేదని రాసివ్వడానికి
కరణం రెండు రూపాయలడిగాడు.
లేదని రుజువు చేయడానికి నాన్న అప్పు చేశాడు.
డబ్బు మార్చిలో వచ్చింది, పరీక్షలైపోయాక.
రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం
గట్టు దాటి పాకింది.
పుస్తకాలకని ఇచ్చిన నలభై రూపాయలూ
అన్న దగ్గుకి మందయ్యాయి.
ఇన్‌స్పెక్టరు అడిగితే అట్లాసు కొన్నానన్నాను.
ఆ అట్లాసు నేనింకా కొనలేదు.

"ప్రసన్నబాబూ, ఈ బాకీ నేను కట్టేస్తాను,
రసీదు రాయి."
అతను నా ముఖం చూశాడు, పుస్తకం చూశాడు.
"ఏ పద్దు కింద రాయాలి మేడం?
జీతాల పద్దే ఎత్తేశారు గదా."
పాపం మంచివాడు,
పన్నెండణాలంటే డెబ్బై అయిదు పైసలని
అప్పటికే పక్కన వేసుకున్నాడు.

సంతకం పెట్టాను.
పదకొండో వరుస మాత్రం కొట్టేశాను,
స్కేలు లేకుండా.

సాయంత్రం అన్నకి చెప్పాను.
మంచం మీద లేచి కూర్చుని,
ఊపిరి అందేదాకా ఆగి అడిగాడు:
"ఎంతంటివి?"
మళ్ళీ చెప్పాను.
"అంతేనా అమ్మీ?
నేనింకా శానా అనుకున్నా."