మూడో పలక

ఈ సరస్సుకి లోతు లేదు.
మనిషిని అలా అంటే తిట్టు.
దీనికి మాత్రం అదే బతుకు:
ఎండ తిన్నగా అడుగుదాకా దిగి
నాచుని నిద్రలేపుతుంది.
మోకాళ్లదాకా తడిసి నిలబడ్డ కొంగకి
అన్నం అక్కడే.

నిండుకుండ తొణకదంటారు.
ఇది నిండుకుండ కాదు.
చిన్న గాలికే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తొణుకుతుంది.
ఆ తొణుకు మీదే బాతులు పిల్లల్ని పెంచుకుంటాయి.

నా పని చిన్నది.
లాట్వియా పటంలో మా ఊరికి చుక్క కూడా లేదు.
తూము దగ్గర గెడ మీద అంకె చూసి
నోటుబుక్కులో రాస్తాను.
ఏప్రిల్ పన్నెండు: అరవై నాలుగు సెంటీమీటర్లు.
ఏప్రిల్ పదమూడు: అరవై నాలుగు. వడగళ్లు.

ఈ కాలువ తవ్వినవాళ్లలో మా నాన్న ఒకడు.
సమష్టి వ్యవసాయం రోజులు.
సరస్సు ఎండితే గడ్డి, గడ్డితో ఆవులు, ఆవులతో పతకం.
పతకం వచ్చింది.
గుండీల డబ్బాలో ఉంది ఇప్పటికీ.
నీళ్లు పోయినచోట జమ్ము వచ్చింది.
జమ్ము చచ్చి, కుళ్లి, దాని మీద జమ్ము మొలిచి,
సరస్సుని చాపలో చుట్టేసింది
శవాన్ని చుట్టినట్టు.

చలికాలం మంచు గట్టిపడగానే
ఇప్పుడు మేమే దిగి కోస్తాం,
స్కైద్రీతే, నేను, ఇద్దరు బడిపిల్లలు.
కాపాడటమంటే ముట్టుకోకపోవడం అనుకునేదాన్ని.
కొడవలి పదును పెట్టడం కూడా అని
చేతులు బొబ్బలెక్కాక తెలిసింది.

తూముకి మూడు పలకలు.
మూడోది దించితే నీళ్లు జానెడు లేస్తాయి.
జానెడు లేస్తే ఏవాల్డ్స్ బంగాళదుంపలు కుళ్లుతాయి.
ఇందులో దొంగ ఎవరూ లేరు.

మే నెలలో ఒక పొద్దున అంకె నలభై ఆరు.
మూడో పలక గట్టు మీద ఉంది.
విసిరేయలేదు, రాయికి ఆనించి పెట్టారు,
మళ్లీ కావాల్సిన వస్తువులా.

నేను పిలవకుండానే ఏవాల్డ్స్ వచ్చాడు.
పడవని బురదలో తోసుకుంటూ పోయాం.

మునుగుడుకోడిది తేలే గూడు.
నీళ్లు లేస్తే లేస్తుంది, దిగితే దిగుతుంది.
దిగీ దిగీ నేల మీద కూచుంది.
చుట్టూ నక్క అడుగులు,
వచ్చినవీ, తీరిగ్గా వెళ్లినవీ.
ఒక పెంకు. అందులో కొంచెం వాననీరు.

అతను టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
"పక్షికి నేను బాకీ లేను," అన్నాడు చాలాసేపటికి,
"బ్యాంకుకి ఉన్నాను."
నిజమే.
నా నోటుబుక్కులో అది రాసే గడి లేదు.

పరిహారం కాగితం జిల్లా ఆఫీసులో
మూడు చలికాలాలు నిద్రపోయింది.
ఈలోగా స్కైద్రీతే మెట్ట చెలక ఇచ్చింది.
విత్తనం దుంపలు బస్తాల్లో మోశాం, నలుగురం, రెండు ఆదివారాలు.
అంతా రాళ్లు.
పార తగిలినప్పుడల్లా తిడుతున్నాడు,
నన్నూ, బాతుల్నీ, పోయిన మా నాన్ననీ.

రాత్రిళ్లు జమ్ములో దాక్కున్న పక్షి ఏదో
ఖాళీ బుంగలోకి ఎవరో ఊదినట్టు
మూలుగుతుంది. మగది. తోడు కోసం.
పదకొండేళ్ల తర్వాత విన్నాను.
రాయాలో వద్దో తెలియక అంచున గీత గీశాను.

ఏప్రిల్ ఇరవై: అరవై ఆరు.
ఏవాల్డ్స్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు.
మోకాళ్ల మీద కూచుని,
మూడో పలక సందులో గుడ్డపీలిక కుక్కుతున్నాడు.
కారుతోందట.