పదిహేడో ఎక్కం

భీమిలి మునిసిపల్ బడి, ఎనిమిదో తరగతి బి.
రేకుల మీద వాన.
బోర్డు మీద నేను గీస్తున్న పడవ
సుద్దముక్క తడిసి, తెడ్డు దగ్గర ఆగిపోయింది.

"ఎండబెట్టిన బురదపెళ్ళలు," అన్నాను,
"మన పిడకల్లాంటివే. ఆ చలిదేశంలో పొయ్యిలోకి అవే.
పైనుంచి చూస్తే పడవ నిండా పెళ్ళలే.
కింద మాత్రం డెబ్బై మంది,
ఒకడి మోకాలు ఇంకొకడి వీపులో."

కోట పేరు బ్రెడా. తాళాలు స్పెయిను వాళ్ళ దగ్గర.
ఏరు గడ్డకట్టి ఒకటి రెండు రోజుల దారి వారం పట్టింది.
పడవ అడుగున చిల్లి. మోకాళ్ళదాకా మంచునీళ్ళు.
అందులో ఒకడికి దగ్గు పట్టుకుంది.
నిజమో, తర్వాత అల్లిన మాటో,
వాడు కత్తి తీసి పక్కవాడి చేతిలో పెట్టాడట:
నన్ను పొడిచెయ్, నా దగ్గుకి మీరంతా ఎందుకు చావడం?
పక్కవాడు పొడవలేదు.
పైనున్న సరంగు నీళ్ళు తోడే పంపు పట్టుకుని
గడగడా గడగడా, ఆపకుండా.
చలికి వణుకుతున్న కావలివాళ్ళు
పొయ్యిలోకి పెళ్ళలొచ్చాయని సంబరపడి
తామే తాడు పట్టుకుని పడవని లోపలికి లాగారు.

చివరి బెంచీలో గనగళ్ళ ఎల్లాజీ చెయ్యెత్తాడు.
హాజరుపట్టీలో వాడి పేరు కొట్టేసి నాలుగు నెలలు.
పోర్టులో తుఫాను జెండా ఎగిరిన రోజుల్లో
వేటకెళ్ళే పడవ ఉండదు కనక బడికొస్తాడు.
"గెలిసినోళ్ళు ఏటి సేసినారండీ తరవాత?"

కిటికీలోంచి చూపించాను.
గోడ అవతల, గోస్తనీ కలిసే ఒడ్డుకి దగ్గర్లో
ఒలందుల సమాధులు, వానకి నల్లబడి,
ఒకదాని మీద మేక.
"వాళ్ళ మనవలూ మునిమనవలూ ఓడెక్కి ఇక్కడికొచ్చి
మన ఇసకలో కోట కట్టుకున్నారు."
"మరి ఆళ్ళ కోటలోకి బియ్యం బస్తాలు
మోసినోళ్ళు మనోళ్ళేనా?"
అయ్యుంటారు.
"ఆ బస్తాల్లో ఎవుడూ లేడాండీ?"

పుస్తకంలో లేదు. నాకూ తెలీదు.
తెలీదని చెప్పేలోగా గేటు దగ్గర జీపు హారను.

తనిఖీ.
పేరు లేనివాడికి బెంచీ లేదు, గుడ్డు లేదు,
ఉంచినందుకు నాకు మెమో.
నేను నోరు తెరవకముందే ఎల్లాజీ మాయం.
మధ్యాహ్న భోజనం బియ్యం మూలనుంటుంది మా గదిలోనే,
పదకొండు బస్తాలు, వాటి మీద తడి టార్పాలిన్.

ఆయన తలలు లెక్కపెడుతున్నాడు, వేలితో, గాలిలో.
ఇరవై ఆరు. ఇరవై ఏడు.
టార్పాలిన్ కింద
కుక్కపిల్ల తుమ్మినంత చిన్నగా ఒకసారి.
మళ్ళీ.
ఈసారి గట్టిగా, రొమ్ములోంచి.

ఆయన వేలు ఆగింది.
సుద్దముక్క నా గుప్పిట్లో పొడయింది.

కారి పైడితల్లి లేచి నిలబడింది.
లెక్కల్లో ఎప్పుడూ ముప్పై దాటని పిల్ల.
"పదిహేడొకట్ల పదిహేడు!"
అరిచిందనాలి, అప్పగించిందనకూడదు.
"పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు!"
పక్కబెంచీ అందుకుంది, ఆ వెనక బెంచీ,
"పదిహేడు మూళ్ళు యాభై ఒకటి!"
రేకుల మీది వాన చాలక వాళ్ళు కాళ్ళతో నేలని కొడుతున్నారు,
పంపు తొక్కుతున్నట్టు.
పది దాటారు. నేను నేర్పనిది, పదకొండు, పద్నాలుగు,
తప్పో ఒప్పో, గొంతు మాత్రం దించలేదు.

"ఎనిమిదిలో ఇంకా ఎక్కాలేమిటమ్మా?" అని
ముప్పై ఒకటి వేసి సంతకం పెట్టాడాయన.
జీపు గంటస్తంభం మలుపు తిరిగేదాకా
పిల్లలు ఆపలేదు.

ఎల్లాజీ బయటికొచ్చాడు, జుట్టునిండా తవుడు.
నవ్వలేదు. నాకేసి కాదు, పైడితల్లి కేసి చూశాడు.
"ఆ కత్తి పుచ్చుకున్నోడి పేరేటండీ?"

ఆ పూట లెక్కలో ముప్పై ఒకటి.
ఉడికినవి ముప్పై రెండు గుడ్లు.
వంటమ్మ అంగటి కొండమ్మ ఏమీ అడగలేదు,
గరిటె మూతికి అడ్డం పెట్టుకుని
తనూ కాస్త దగ్గింది.

మర్నాడు జెండా దించేశారు.