అనా

గురువారం రాత్రి ఎండు ద్రాక్ష నానబెడతాను.
అబ్బాసియాలో మా ఆరాధన గదికి
ప్రభువు బల్ల సిద్ధం చేసే పని నాది.
గుప్పెడు కిస్మిస్, రెండు గ్లాసుల నీళ్లు,
సన్నని సెగ మీద నల్లబడేదాకా.
వడకడితే రంగు వేళ్లకి అంటుకుంటుంది,
సబ్బు పెట్టి తోమినా మర్నాటిదాకా పోదు.

పాస్టర్ సువర్ణపాల్ గారు వారమంతా క్రేను నడుపుతారు.
శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి
"నీ బదులు ఆయన" అంటారు.
అందరూ ఆమెన్ అంటారు.
నాకు బట్ట మాడిన వాసన వస్తుంది.

రంజాన్ నెల. రాత్రి రెండు దాటింది.
సల్వాలో ఆ విల్లా, మూడో అంతస్తు.
పెళ్లికూతురి గౌను మీద ఇస్త్రీపెట్టె పెట్టి
నిలబడే నిద్రపోయాను.
పొగే లేపింది నన్ను.
గుండెల దగ్గర, జరీ మధ్యన,
పడవంత గోధుమరంగు మచ్చ.

ఎవరని అరుస్తూ మెట్లెక్కింది మేడమ్.
నా నాలుక అంగిటికి అతుక్కుపోయింది.
అబద్ధం చెప్పలేదు నేను.
నిజమూ చెప్పలేదు.

వంటగదిలోంచి పిండి చేతులతో వచ్చింది టిగిస్ట్,
హబషీ పిల్ల, నుదుట పచ్చబొట్టు సిలువ,
దాని మీదికి లాక్కున్న తలగుడ్డ.
"అనా" అంది.
నేను, అని.
రెండే అక్షరాలు.

నాలుగు నెలల జీతం కోశారు.
తెల్లారకుండానే మక్తబ్ వాళ్ల వ్యాను వచ్చింది.
సంచి జిప్పు పట్టక మోకాలితో అదిమి,
నావైపు చూసి రెండు వేళ్లెత్తింది.
నా పిల్లలిద్దరి ఫోటో ఒకసారి చూపించాను తనకి.
తనకెవరున్నారో
నేనెప్పుడూ అడగలేదు.

రక్షణ ఉచితమేగా అంటారు కొందరు, చాలా తేలిగ్గా.
నువ్వు తప్పించుకున్న దెబ్బ
గాలిలో కలిసిపోదమ్మా,
ఒకరి వీపు వెతుక్కుంటుంది.
ఆ చప్పుడు పక్క గదిలోంచి విన్నదానికి
ఆమెన్ అంత తొందరగా నోటికి రాదు.

తోటలోకి దివిటీలతో వచ్చి ఎవరని అడిగితే
ఆయనా ఇంతే అన్నాడట.
నేనే, వీళ్లని పోనివ్వండి అని.
ఆయన వెనక చీకట్లో నక్కినవాళ్లలో
ఒక మొహం నాకు బాగా తెలుసు.
రోజూ మేడమ్ అద్దంలో తుడుస్తాను.

మొన్న ఇక ఉండబట్టలేక వెళ్లి నిలబడ్డాను.
చేతులు కట్టుకుని చెప్పాను,
ఆ గౌను, ఆ రాత్రి, అనా.
మేడమ్ ఫోనులోంచి తలెత్తలేదు.
ఏ గౌనో గుర్తు తెచ్చుకోడానికి కాస్త పట్టింది.
డబ్బు అప్పుడే వసూలైంది కదా, అంది.
ఖలాస్, అంది.

ఖలాస్.
నా చేతిలో కట్టడానికి తెచ్చినదంతా
అలాగే ఉండిపోయింది.
పుచ్చుకునేవాళ్లు లేరు.

ఈ శుక్రవారం గిన్నె నాదాకా వచ్చింది.
కాచింది నేనే, ఎంత పలచనో నాకు తెలుసు.
రాత్రే చల్లారింది కూడా.
అయినా గొంతు దిగుతుంటే
కాలింది.