ఆట ఉన్న రాత్రే పున్నమి

కవలల తర్వాత పుట్టినవాళ్ళకి
మా వైపు పేరు వెతకరు.
కుల్వా, డోటో, ఆ వెనక షిజా.
నేను షిజాని.
"ఇద్దరన్నల ఎంగిలి పేరు" అనేది మేనత్త.

స్టేడియం రాకముందు
ఇది మా చేపలారబోసే మైదానం.
తెల్లారగట్ల పడవలు రాగానే చాపలు పరిచేవాళ్ళం.
డగా చేపలు, వేలెడైనా ఉండవు,
నేల నిండా చిన్న చిన్న కళ్ళు.
నాలుగింటికి ఎత్తేస్తే కుర్రాళ్ళు దిగేవాళ్ళు.
గీతలకి సున్నమెక్కడిది?
పొయ్యిలో బూడిద తట్టకెత్తి నేనే పోసేదాన్ని.
వాన పడితే
కార్నర్ ఎక్కడో ఎవడికీ తెలీదు,
గట్టిగా అరిచినవాడిదే కార్నర్.
గోల్ దగ్గర డోటో దూకి లేస్తే
మోచేతులకి పొలుసులు మెరిసేవి.
జట్టు పేరు సంగారా. అది పెద్ద చేప.
చిన్న చేపల మీద పొర్లిన పిల్లలు
పెట్టుకున్న పేరు.

మ్వాంజాలో ఇళ్ళు బండల మీద పిట్టల్లా వాలి ఉంటాయి.
ఒకరోజు బండలకి ఎర్ర రంగుతో అంకెలు పడ్డాయి.
ఆ తర్వాత గొడుగేసుకున్న ఆఫీసరొచ్చి
చాపకి ఇంత అని పరిహారం రాశాడు.
చాపలు లెక్కపెట్టాడు,
ఎండని లెక్కపెట్టలేదు.

అబద్ధం ఎందుకు,
రోడ్డొచ్చింది. కుళాయొచ్చింది.
రాత్రి పదకొండుకీ బస్సు ఆగుతోంది.
మా కబులా నొప్పులు పడ్డప్పుడు
బండల మీంచి తలుపు చెక్క మీద మోసుకెళ్ళాం,
దాని చెల్లెలు కారులో వెళ్ళింది.
ఇది కూడా ఆ స్టేడియం ఖాతాలోనే రాయాలి.

పచ్చిక మాత్రం చుట్టలుగా లారీలో దిగింది.
నీళ్ళడగదు, పెరగదు.
గీతలు అందులోనే నేసేసి ఉన్నాయి.
నా బూడిద తట్ట
ఇప్పుడు కోడి గుడ్లు పొదగడానికి.

మొదటి రాత్రి ఆటకి డోటో టికెట్ పంపాడు.
రెండో గోల్‌కీపర్ వాడు,
పెద్ద తొడుగులేసుకుని బెంచీ మీద కూర్చునే ఉద్యోగం.
నాకు మూడో అంతస్తులో చోటు.
నలభై ఏళ్ళు ఒడ్డునే బతికినదాన్ని,
సరస్సుని పైనుంచి చూడటం అదే మొదలు.
నాలుగు స్తంభాల మీద దీపాలు వెలిగాయి.
ఊరంతా హోరెత్తింది.
దూరంగా నీళ్ళ మీద
మా వాళ్ళ లాంతర్లు
పట్టపగలు పెట్టిన దీపాల్లా వెలవెలపోయాయి.

డగా చీకట్లోనే దీపానికొస్తుంది.
వెన్నెల్లో రాదు, అందుకే
పున్నమి రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి.
ఆ తెల్లారి కుల్వా వట్టి వల భుజానేసుకొచ్చి
"నిన్న అమావాస్య కదా,
చంద్రుణ్ణి ఎవడు ఎక్కించాడు?" అన్నాడు.

ఇప్పుడు రేవులో తాడు కట్టే గుంజకి
తిథుల కాగితం పక్కనే
మ్యాచ్‌ల కాగితం.
సొంతగడ్డ మీద ఆటంటే పున్నమి,
పొరుగూళ్ళో ఆటంటే చీకటి.
చదువు రాని ముసలి లుహెండే కూడా
లీగ్ పట్టిక ఒప్పజెప్తాడు,
గోళ్ళు కొరుక్కుంటూ.
పై లీగ్‌కెక్కితే అన్నీ రాత్రి ఆటలేనట, టీవీ కోసం.
గెలవాలంటాడు కుల్వా.
గెలిస్తే ఏం తింటాం అంటాడు.
రెండూ ఒకే గుక్కలో.

నేను పొద్దున్నే స్టాండ్లు ఊడుస్తాను, నెల జీతం.
దీపాల చుట్టూ మూగిన సరస్సు ఈగలు
కుర్చీల కింద కుప్పలుగా రాలి ఉంటాయి.
ఎత్తి కోళ్ళకేస్తాను.
ఒక్కోసారి చీపురాపి చూస్తే
మళ్ళీ ఏదో ఆరబోసినట్టే ఉంటుంది.

మొన్న కుల్వా వల బాగుచేసుకుంటూ అడిగాడు,
"శనివారం ఎక్కడ?"
"ఇక్కడే."
దారం కొరికి ఉమ్మేసి ఒక తిట్టు తిట్టాడు.
చాలాసేపయ్యాక,
"డోటోని దింపుతారా?"
"పెద్ద గోల్‌కీపర్‌కి మోకాలు వాచిందట."
"సర్లే, పడవ తియ్యను.
ఎలాగూ పడవు కదా," అన్నాడు,
తలెత్తకుండా,
ఎవరో బతిమాలితే ఒప్పుకున్నవాడిలా.