పనిచేస్తాందా

బుధవారపేట సందులో మా దూది మిషను
ఎనిమిది నెలలుగా మూత.
రేకు షట్టరు మీద ఎవరో
కోచింగు సెంటరు పోస్టరు అంటించి పోయినారు.
నవ్వే పిల్లోళ్లు, వాళ్ల కింద ర్యాంకులు.
పీకేయాలని కూడా అనిపించలా.

మొదటి మందు చిన్న తెల్ల మాత్ర.
"ఆరు వారాలు ఓర్చుకో దస్తగిరీ" అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు.
ఓర్చుకున్నా.
నోరెండింది. చేతులు కొంచెం వణికినాయి.
మాబున్ని క్యాలెండరులో వారానికొక గీత గీసింది
పాలోనికి లెక్క రాసినట్ల.

రెండోది పసుప్పచ్చది.
నిద్రొచ్చింది, నేను పోయినాను.
మధ్యాన్నం కంచం ముందర
జొన్నరొట్టె ముక్క పప్పులో ముంచి
ఎందుకు ముంచినానో గుర్తురాక
అది నాని తెగి పడేదాకా అట్లే కూర్చున్నా.

ఎమ్మిగనూరు నుంచి బామ్మర్ది వచ్చినాడు.
"మనసు గట్టి చేసుకో బావా" అన్నాడు.
నాకు నవ్వొచ్చి ఉండాల్సింది. రాలా.
ముప్పై ఏండ్లు నేను చేసిన పనేంది?
ఊరోళ్ల వీపుల కింద గట్టిపడిపోయిన దూదిని
చీల్చి, ఏకి, గాలి ఎక్కించి ఇచ్చినా.
గట్టిపడటమే జబ్బబ్బా.
మెత్తబడేదానికే కదా వాళ్లు డబ్బులిచ్చింది.

మూడోసారికి డాక్టరమ్మ మారింది. చిన్న పిల్ల.
మెళ్లో ఐడీకార్డు తిరగబడి ఉండాది, పేరు కనపళ్లా.
నా చీటీలన్నీ కిందినుంచి పైకి చదివింది.
మాబున్ని బిస్కెట్ల డబ్బాలో దాచిన ఖాళీ స్ట్రిప్పులు
టేబుల్ మీద పోయించుకొని లెక్కపెట్టింది.
ఒక్క పూటా మానలేదని తేలినాక
పెన్ను మూసి నా పక్క చూసింది.

"ఇదైనా పనిచేస్తాదా మేడం?"
"తెలీదు" అనింది.
"రెండు పనిచేయకపోతే మూడోదానికి అవకాశం తగ్గుతుంది.
పూర్తిగా పోదు, తగ్గుతుంది.
ఈసారి మందుకు ఇంకో మందు తోడేసి చూద్దాం.
అదీ కాకుంటే కరెంటు వైద్యం ఉంది,
సినిమాల్లో చూపించినట్టు కాదులే, భయపడకు."

ఎనిమిది నెలల్లో నాతో ఎవరూ
'తెలీదు' అని చెప్పలా.
పరుపు ఎన్నేండ్లొస్తాది అని అడిగితే నేనూ అంతే,
"దూదిని బట్టి, పడుకునే మనిషిని బట్టి" అనేవాణ్ణి.
తోడు సంగతీ నాకు తెలిసిందే.
ఒకసారి ఏకిన దూది పువ్వవుతాది.
రెండోసారికి పోగు తెగడం మొదలు.
మూడోసారి ఒట్టిదాన్నే మిషన్లో వేస్తే దుమ్ము,
అందుకని పావుకిలో కొత్తది కలుపుతాం.
కొత్తది పాతదాన్ని పట్టుకుంటాది.
అన్నిసార్లూ కాదు.

మందుల కిటికీ కాడ తోడు మందు లేదన్నారు.
బయట కొన్నాం.
మాబున్ని దిండు గలీబులు కుట్టిన డబ్బులవి,
నాకు చెప్పలా, నోట్ల మడత చూసి కనుక్కున్నా.

ఐదో వారంలో ఒకనాడు
పక్కింటి కుక్కరు విజిళ్లు లెక్కపెట్టినా. నాలుగు.
మర్నాడు మల్లా గోడ.
ఆ మర్నాడూ గోడే.
వారం పోయినాక ఒక సాయంత్రం
ఆ పోస్టరు మీద కోపమొచ్చింది,
ఉత్త పుణ్యానికి.
చించినా. సగమే ఊడొచ్చింది,
ఒక పిల్లోని పళ్లు షట్టరు మీదే ఉండిపొయ్యినాయి.
మందు వల్లనా,
హంద్రి పక్కనుంచి వానగాలి తిరిగినందుకా,
డాక్టరమ్మని అడిగితే మల్లా తెలీదంటాదేమో.

షట్టరెత్తి స్విచ్చి వేసినా.
మిషను మూలిగి, కీచుమని,
రెండు నిమిషాలు తిరిగింది.
ఎప్పటిదో పోగు ఒకటి లేచి ముక్కు మీద వాలింది.
ఇంట్లోనుంచి మాబున్ని అరిచింది,
"పనిచేస్తాందా?"

దేన్ని గురించి అడిగిందో.

"తిరుగుతాంది" అన్నా.
"బెల్టు మార్చల్ల."